బాలమేధావులకు బీజగణితము: కొన్ని గ్రంథముల పరిశీలన

అంకగణితము నుండి బీజగణితమునకు దాటుట విద్యార్థి గణితాభ్యాసములో మొదటి పెద్ద మలుపు. అంతవరకు 7, 12, 45 వంటి నిర్దిష్ట సంఖ్యలతో పనిచేసిన మనస్సు, ఇక్కడ ఇంకను విలువ తెలియని ఒక రాశిని చేతబట్టి, తెలిసినదానివలెనే దానిని కూడి, తీసివేసి, గుణించి, తుదకు దాని విలువను రాబట్టవలెను. సామాన్యముగా ఈ మలుపు పదకొండు, పదునాలుగేండ్ల మధ్య వచ్చును. కాని గణితమున అసాధారణమైన చురుకుదనము గల కొందరు పిల్లలు ఏడెనిమిదేండ్లకే దీనికై ఉవ్విళ్ళూరుచుందురు. అట్టివారికి ఏ గ్రంథముతో బీజగణితము ప్రారంభింపవలెనన్నది ఈ వ్యాసములో పరిశీలింపదలచిన విషయము.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ ప్రశ్నకు ప్రత్యేకమైన ప్రాముఖ్యము కలదు. పిల్లలను బడికి పంపక ఇంటివద్దనే చదివించుకొనుట 1993 నాటికి అచటి యాబది రాష్ట్రములలోను చట్టసమ్మతమైనది. మన పాఠశాలలలో బీజగణితము తరగతి తరగతికి కొంచెము కొంచెముగా వచ్చును. అక్కడనో, అది సాధారణముగా ఎనిమిదవ లేక తొమ్మిదవ తరగతిలో ఒక పూర్తి సంవత్సరపు ప్రత్యేక పాఠ్యము. కావున ఇంట చదువు చెప్పు తల్లిదండ్రులు ఆ సంవత్సరపు చదువునంతటిని ఒక పుస్తకముగా ఎంచుకొనవలసి వచ్చును. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబములవారు బడి చదువునకు తోడుగా ఇంట గణితము చెప్పుకొనుట అరుదు కాదు. ఆ పుస్తకములు నేడు మనకును అందుబాటులో ఉన్నవి. అరవైమంది ఉన్న తరగతిలో అట్టి బాలుడో బాలికయో ఒక్కరు కనిపించినపుడు, ఏమి చేయుటకును తోచని మన ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు కూడ ఈ పరిశీలన పనికి రావచ్చును.

ఎంపిక తప్పినచో కలుగు నష్టము రెండు విధములు. తెలిసిన లెక్కలనే మరల మరల చేయించినచో పిల్లవానికి గణితమనిన విసుగు పుట్టును. అటుగాక, సూత్రములను త్వరత్వరగా వల్లె వేయించి పై తరగతుల పుస్తకములు దాటించినచో, వాని చేతికి వేగము వచ్చును గాని మనస్సునకు పట్టు చిక్కదు. రెండవ ప్రమాదము మొదటిదానికన్న లోతైనది. ఏలయన, అది చాలాకాలము విజయమువలె కనిపించును. కళాశాలలో నా ఎదుట కూర్చుండు విద్యార్థులలో వర్గ సమీకరణ సూత్రమును తప్పు లేకుండ అప్పగించి, అది ఎచ్చటనుండి వచ్చినదని అడిగిన మౌనము వహించువారు ప్రతి సంవత్సరము కనిపింతురు. వారిలో పెక్కురు చిన్ననాట లెక్కలలో మొదటివారే.

తెలివి వేరు, సిద్ధత వేరు

ప్రతిభ గల బాలలపై జరిగిన అధ్యయనములలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున జూలియన్ స్టాన్లీ అను మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1971లో ప్రారంభించినది ప్రసిద్ధమైనది. కళాశాలలో చేరగోరు విద్యార్థులు వ్రాయు ప్రవేశపరీక్షలోని గణిత భాగమును ఆయన పన్నెండు, పదమూడేండ్ల పిల్లలచేత వ్రాయించినాడు. తరగతి పరీక్షలలో అందరును నూటికి నూరు తెచ్చుకొనువారే; ఈ కఠినమైన పరీక్షలో మాత్రము వారి మధ్యగల అంతరము తేటతెల్లమైనది. స్టాన్లీ అనుసరించిన బోధనా పద్ధతిలోని మూలసూత్రము సులభమైనది. ముందు పరీక్షింపుము, ఏది తెలియదో కనుగొనుము, అది మాత్రమే చెప్పుము. తెలిసినదానిపై పిల్లల కాలమును వ్యర్థము చేయరాదన్నది దాని సారాంశము.

ఈ సూత్రము మంచిదే. కాని పన్నెండేండ్లవానికి సరిపోయినది ఎనిమిదేండ్లవానికి అట్లే సరిపోదు. ఎనిమిదేండ్ల పిల్లవాని ఆలోచన పరుగెత్తుచుండగా వాని చేతివ్రాత వెనుకబడును. పేజీడు వాక్యములను చదివి అర్థము చేసికొను ఓపిక ఇంకను ఏర్పడియుండదు. లెక్కను నోటితో సాధించి, సోపానములు వ్రాయుమన్నచో ముఖము ముడుచుకొనును. ఇవి మేధకు సంబంధించిన లోపములు కావు, వయస్సునకు సహజములు. మంచి పుస్తకము వీనిని గుర్తించి నడుచుకొనవలెను.

సిద్ధతను పరీక్షించుటకు పెద్ద ప్రశ్నపత్రము అక్కరలేదు. అమెరికాలో విద్యాపరిశోధకులు వాడిన ఒక చిన్న ప్రశ్న కలదు. 8 + 4 = □ + 5 అని వ్రాసి, గడిలో ఏ సంఖ్య ఉండవలెనని అడుగుదురు. పెక్కుమంది పిల్లలు 12 అని చెప్పుదురు. కొందరు అన్నిటిని కూడి 17 అందురు. సమాన చిహ్నమునకు ‘ఇక జవాబు వ్రాయుము’ అని అర్థము చెప్పుకొనుటయే దీనికి కారణము. ఇరుప్రక్కలు తూగవలెనని గ్రహించినవాడు 7 అని చెప్పును. పెద్ద పెద్ద గుణకారములను నోటిలెక్కగా చేయు పిల్లవాడైనను ఇక్కడ 12 అన్నచో వానికింకను బీజగణితము ఆరంభింపరాదు. కొన్నాళ్ళు త్రాసుతో ఆడనిచ్చుట మేలు. భిన్నముల విషయమును అట్టిదే. మూడింట రెండు వంతులను నాలుగింట మూడు వంతులతో ఏల గుణింపవలెనో బొమ్మ గీసి చెప్పలేనివానికి, అక్షరములతో కూడిన భిన్నములు వట్టి గీతలు మాత్రమే.

మూడు కొలబద్దలు

గ్రంథములను పరిశీలించుటకు మూడు ప్రశ్నలను కొలబద్దలుగా గ్రహింతము.

మొదటిది: ఈ పుస్తకములో అక్షరము అవసరమై వచ్చినదా, లేక ఆజ్ఞయై వచ్చినదా? ఒక ఉదాహరణ చెప్పెదను. 7ను 7చే గుణించిన 49. దానికి ఇరుప్రక్కలనున్న 6, 8 ల లబ్ధము 48. 10 వర్గము 100. 9, 11 ల లబ్ధము 99. ఎచ్చట చూచినను ఒకటి తక్కువ. రెండేసి అడుగులు ప్రక్కకు జరిగినచో, 5, 9 ల లబ్ధము 45, తేడా 4. మూడేసి జరిగినచో, 4, 10 ల లబ్ధము 40, తేడా 9. చురుకైన పిల్లవాడు ఇచ్చట ఆగి, ‘తేడాలు 1, 4, 9 అగుచున్నవి, ఇది ఎల్లప్పుడు ఇట్లే జరుగునా?’ అని అడుగును. ఎన్ని సంఖ్యలు పరీక్షించినను ‘ఎల్లప్పుడు’ అను మాటకు జవాబు దొరకదు. ఆ క్షణమున అక్షరము కావలసి వచ్చును. (అ + క)(అ − క) = అ² − క² అను సమీకరణము వానికి వల్లె వేయవలసిన సూత్రముగా గాక, తన ప్రశ్నకు జవాబుగా దొరకును.

రెండవది: పుస్తకము పిల్లవానికి చేయుటకు ఏమి మిగిల్చినది? అన్నియు విడమరచి చెప్పి, అదే అచ్చుతో ముప్పది లెక్కలిచ్చు పుస్తకము చేతికి పని కల్పించును గాని బుద్ధికి కల్పింపదు.

మూడవది: చెప్పు పెద్దవారికి ఎంత సాయము చేయును? ఇంటిలో చదువు చెప్పు తల్లికి గాని తండ్రికి గాని గణితము వృత్తి కానక్కరలేదు. పిల్లవాడు కనుగొన్న విచిత్రమైన దారి తప్పో ఒప్పో వారు తేల్చగలుగవలెను.

పావులతో ప్రారంభము

ఏడెనిమిదేండ్ల వయస్సువారికి పుస్తకమునకు ముందు చేతితో కదపదగిన సామగ్రి మంచిది. హెన్రీ బోరెన్సన్ రూపొందించిన ‘హాండ్స్ ఆన్ ఈక్వేషన్స్’ అట్టిది. త్రాసు బొమ్మకు ఇరుప్రక్కల పావులను, అంకెలు గల ఘనములను ఉంచుదురు. నీలిపావు తెలియని రాశిని సూచించును. రెండు ప్రక్కలనుండి ఒక్కొక్క నీలిపావును తీసివేసినను త్రాసు తూగుచునే యుండును. తెల్లపావు ఆ రాశియొక్క ఋణమును సూచించును. మన భాస్కరాచార్యుడు 1150లో రచించిన బీజగణితములో మొదటి అవ్యక్తరాశిని యావత్తావత్ అనియు, తరువాతివానిని కాలకము, నీలకము, పీతకము అని రంగుల పేర్లతోను వ్యవహరించినాడని ఎరిగినవారికి ఈ నీలిపావు పరాయిదిగా తోచదు.

ఈ సామగ్రి మొదటి కొలబద్దకు చక్కగా నిలుచును. వ్రాత బరువు లేదు, సమాన చిహ్నము యొక్క అర్థము కంటికి కట్టినట్లగును. కాని దీని పరిధి సరళ సమీకరణములతో ముగియును. లబ్ధములు, వర్గములు త్రాసుపై నిలువవు. దీనిని ముంగిలి అనుకొనవలెను గాని ఇల్లు అనుకొనరాదు. కొన్ని వారముల ఆట చాలును.

జేకబ్స్ గ్రంథము

హెరాల్డ్ జేకబ్స్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన ‘ఎలిమెంటరీ ఆల్జీబ్రా’ 1979లో వెలువడినది. ఇంటి చదువులవారు ఇప్పటికిని దానిని వాడుచున్నారు. తలచుకొన్న సంఖ్యను చెప్పు గారడీతో ఆ గ్రంథము మొదలగును. ఒక సంఖ్యను తలచుకొనుము, 3 కలుపుము, రెట్టింపు చేయుము, 4 తీసివేయుము, సగము చేయుము, తలచిన సంఖ్యను తీసివేయుము. నీకు మిగిలినది 1. ఇట్టి గారడీని గడులతోను చుక్కలతోను బొమ్మ గీసి చూపినచో, గడిలో ఏ సంఖ్య ఉన్నను ఫలితము మారదని పిల్లవాడు తానే కనుగొనును. గడి స్థానములో అక్షరము వచ్చినపుడు అది క్రొత్త వస్తువుగా కనిపింపదు.

హాస్యచిత్రములు, ప్రకృతి శాస్త్రములనుండి తీసిన ఉదాహరణములు, నిదానముగా సాగు భాష, ఇవి ఈ గ్రంథమునకు అలంకారములు మాత్రమే గాక బలములు కూడ. తొమ్మిది, పదేండ్లవాడు ఒంటరిగా చదువుకొనదగిన బీజగణిత గ్రంథములలో ఇది ముందు వరుసలోనిది. దీని లోపము నిదానమే. అభ్యాసములు మెట్టు మెట్టుగా ఎక్కించును. పిల్లవాడు దూకగలిగిన చోట కూడ మెట్లు తప్పవు. తల్లిదండ్రులు ఇచ్చట స్టాన్లీ సూత్రమును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మొదటి మూడు లెక్కలు సరిగా చేసినవానిచేత మిగిలినవి చేయింపక, చివరనుండు కఠినమైనదానికి తీసికొనిపోవచ్చును.

సాక్సన్ పద్ధతి

జాన్ సాక్సన్ అమెరికా వైమానిక దళమునుండి విశ్రాంతి పొంది ఓక్లహోమాలో ఒక జూనియర్ కళాశాలలో గణితము బోధించినాడు. 1981లో తన పేర ప్రచురణ సంస్థను స్థాపించినాడు. ఆయన ఆశయము స్పష్టమైనది. ఒక విషయమును చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒక్కొక్క పాఠములో ఒక్కొక్క ముక్క చెప్పి, మునుపటి ముక్కలన్నిటిని ప్రతి అభ్యాసములోను కలిపి మరల మరల చేయించును. ప్రతి పాఠమునకు సుమారు ముప్పది లెక్కలుండును. నేర్చినదానిని కొన్నాళ్ళ వ్యవధితో పునశ్చరణ చేసినచో జ్ఞాపకము గట్టిపడునన్నది మనస్తత్వ శాస్త్రమునకు సమ్మతమైన విషయమే. సగటు విద్యార్థికి, ముఖ్యముగా నిన్న నేర్చినది నేడు మరచువానికి, ఈ పద్ధతి గొప్ప ఉపకారము చేసినదనుటలో సందేహము లేదు. చెప్పు పెద్దవారికిని ఇది సుఖమైన మార్గము. రేపేమి చేయవలెనో ఆలోచింపనక్కరలేదు.

అయినను మన ప్రశ్న వేరు. మూడు లెక్కలతో విషయము గ్రహించిన బాలునికి మిగిలిన ఇరువదియేడు శిక్షయగును. అంతకన్న ముఖ్యమైన ఆక్షేపణ మరియొకటి కలదు. ముక్కలుగా కోసి దూరదూరముగా పెట్టిన విషయమునకు రూపము కనిపింపదు. వర్గ త్రిపదిని కారణాంకములుగా విభజించుట, వర్గమును పూర్తి చేయుట, వర్గ సమీకరణ సూత్రము, ఇవి మూడును ఒకే ఆలోచనయొక్క మూడు ముఖములని గ్రహించుటలోనే ప్రతిభ గల పిల్లవానికి ఆనందమున్నది. ఎడమెడముగా ఉంచినచో ఆ బంధుత్వము మరుగుపడును. ఇంటి చదువువారిలో పెక్కురు, ఈ పద్ధతిలో త్వరగా ముందుకు పోవుచున్న పిల్లవానిని చూచి తృప్తి పడుదురు. వేగము పుస్తకము ఇచ్చు ఫలము కాదు. అది పిల్లవాడు తనవెంట తెచ్చినదే. పుస్తకము తానేమి ఇచ్చినదని అడుగవలెను.

రస్జిక్ గ్రంథము

రిచర్డ్ రస్జిక్ స్థాపించిన ‘ఆర్ట్ ఆఫ్ ప్రాబ్లమ్ సాల్వింగ్’ సంస్థ 2007లో ‘ఇంట్రడక్షన్ టు ఆల్జీబ్రా’ను ప్రకటించినది. ప్రతిభ గల బాలలను ఉద్దేశించియే వ్రాసిన గ్రంథమిది. దీని నిర్మాణములోనే ఒక విశేషమున్నది. ప్రతి ప్రకరణము సమస్యలతో మొదలగును; వివరణము వాని తరువాత వచ్చును. విద్యార్థి ముందు తానే ప్రయత్నించి, ఆపిమ్మట సాధనను చదివి, తన దారితో పోల్చుకొనవలెను. అక్కడక్కడ తప్పు సాధనలను కూడ చూపి, పొరపాటు ఎచ్చట జరిగినదో కనిపెట్టుమందురు. పోటీ పరీక్షలనుండి తీసిన కఠిన సమస్యలు అధ్యాయాంతమున ఉండును. సాధనలన్నియు వేరొక సంపుటముగా దొరకును గనుక తల్లిదండ్రులకు చిక్కు లేదు. ఈ పుస్తకమునకు పిల్లవాడు సిద్ధముగా ఉన్నాడా, లేక దీనిలోనిది వానికి మునుపే వచ్చునా అని తెలిసికొనుటకు రెండు పరీక్షలను ఆ సంస్థ అంతర్జాలమున ఉంచినది. పుస్తకము అమ్ముకొనువారు ‘నీకు ఇది అక్కరలేదేమో చూచుకొనుము’ అని చెప్పుట ప్రశంసింపదగినది.

రెండవ కొలబద్దకు ఇంత చక్కగా నిలిచిన పాఠ్యగ్రంథము ఇంటి చదువువారికి మరియొకటి దొరకుట కష్టము. అయినను నిస్సంకోచముగా అందరికిని ఇయ్యవచ్చునని చెప్పజాలను. మొదటి కారణము పరిమాణము. ఆరువందలకు మించిన పుటలు. సరళ సమీకరణములతో మొదలై సంకీర్ణ సంఖ్యలు, బహుపదులు, సంవర్గమానములు, శ్రేఢులు వరకు పోవును. ఇది సాధారణమైన ఒక సంవత్సరపు బీజగణితముకన్న చాల హెచ్చు. ఆ సంస్థవారే తమ తరగతులలో దీనిని రెండు భాగములుగా బోధింతురు. ఒక్క యేట ముగింపవలెనని పట్టుబట్టు తల్లిదండ్రులు పిల్లవానికి, పుస్తకమునకు కూడ అన్యాయము చేసినవారగుదురు.

రెండవ కారణము మరింత సున్నితమైనది. అంతవరకు ఏ లెక్కకును తడబడని పిల్లవాడు ఈ పుస్తకములో మొదటి వారముననే ఓడిపోవును. ఓటమి వానికి క్రొత్త. ఒక సమస్యతో రెండు రోజులు కూర్చుండుట గణితమున సహజమని వానికెవ్వరును చెప్పియుండలేదు. పెద్దవారు ప్రక్కన కూర్చుండి, ‘రాలేదా? మంచిది, రేపు చూతము’ అని అనగలిగినచో ఈ పుస్తకము చేయు మేలు అపారము. వారు గడియారము చూచువారైనచో కీడు కూడ అంతే. మూడవది, పోటీ సమస్యల వాసన. చమత్కారముతో తెగు సమస్యలనే గణితమని భ్రమించు ప్రమాదము లేకపోలేదు. చమత్కారము లేని చోట ఓపికతో ఒక సిద్ధాంతమును కట్టుట కూడ గణితమే.

గెల్ఫాండ్, షెన్‌ల చిన్న పుస్తకము

ఇజ్రయిల్ గెల్ఫాండ్ (1913–2009) ఇరువదవ శతాబ్దపు మహాగణితజ్ఞులలో ఒకడు. సక్రమమైన కళాశాల చదువు లేకయే పందొమ్మిదవ యేట మాస్కో విశ్వవిద్యాలయమున పరిశోధక విద్యార్థిగా చేర్చుకొనబడినవాడు. 1964లో ఆయన మాస్కోలో ఉత్తరముల ద్వారా గణితము నేర్పు పాఠశాలను స్థాపించినాడు. రాజధానికి దూరమున, మంచి గణితోపాధ్యాయుడు లేని ఊళ్ళలోని పిల్లలకు సమస్యలు తపాలాలో పంపి, వారి సాధనలను దిద్ది మరల పంపుట దాని పని. ఆ అనుభవమునుండి పుట్టిన పుస్తకములలో అలెగ్జాండర్ షెన్‌తో కలిసి వ్రాసిన ‘ఆల్జీబ్రా’ ఒకటి. ఆంగ్లమున 1993లో వెలువడినది.

సుమారు నూటయాబది పుటల ఈ పుస్తకము సంకలనములో సంఖ్యల వరుసను మార్చినను మొత్తము మారదన్న సంగతితో మొదలగును. ఇంత సులభమా అని నవ్వుకొను పిల్లవానికి వెంటనే ఒక చిక్కు ఎదురగును. కొన్ని 8 అంకెలు వ్రాసి, వాని మధ్య అక్కడక్కడ సంకలన చిహ్నములుంచి మొత్తము 1000 తేవలెను. ఒకట్ల స్థానమున ఎన్ని ఎనిమిదులుండవలెనని ఆలోచించినవానికి 888 + 88 + 8 + 8 + 8 దొరకును. ఒక్క అక్షరమైన లేని ఈ లెక్కలో స్థానమూల్యము, అవ్యక్తరాశి, అన్వేషణ అన్నియు కలసియున్నవి. ఇట్లు కూడిక, గుణకారము, ద్విసంఖ్యామానము, వర్గములు, బహుపదులు దాటి, అంకమధ్యమము గుణమధ్యమముకన్న తక్కువ కాజాలదను అసమానత వరకు ఈ చిన్న పుస్తకము నడచును. మొత్తముయొక్క వర్గమును తమ్మునికో చెల్లెలికో ఎట్లు చెప్పవలెనన్నది దీనిలో ఒక శీర్షిక. నేర్చినవాడు నేర్పగలుగవలెనన్న ఉపాధ్యాయ ధర్మము అందు ఇమిడియున్నది.

దీని లోపములు కూడ చెప్పవలెను. కొన్ని సమస్యలకు సాధన వెంటనే ఉండును, మరికొన్నిటికి అసలే లేదు. అభ్యాసపు లెక్కలు తక్కువ. రేఖాచిత్రములు తక్కువ, వానికి గెల్ఫాండ్ మరియొక పుస్తకమును చూడవలెను. గణితము తెలియని తల్లిదండ్రులకు ఇది ఒంటరిగా చాలదు. మూడవ కొలబద్దపై ఇది వెనుకబడినదే. కాని గణితోపాధ్యాయుని చేతిలో దీనికి సాటి లేదు.

ఆయిలర్ పాఠము

ఈ సందర్భమున ఒక పాత గ్రంథమును స్మరింపక తప్పదు. లియొనార్డ్ ఆయిలర్ చూపు దాదాపు పోయిన కాలములో తన బీజగణితమును ఒక యువకునకు చెప్పి వ్రాయించినాడు. అది 1770లో జర్మన్ భాషలో వెలువడినది. ఆ యువకుడు అంతకుముందు దర్జీవద్ద పని నేర్చుకొనుచున్నవాడు. వ్రాయుచు వ్రాయుచునే బీజగణితము నేర్చుకొన్నాడని ఆ గ్రంథపు తొలిపలుకు చెప్పుచున్నది. బుద్ధిమంతుడైన ప్రారంభకునికి ఎదురుగా కూర్చుండి చెప్పినట్లుండుటయే దాని గుణము.

ఋణసంఖ్యను ఋణసంఖ్యచే గుణించిన ధనసంఖ్య ఏల రావలెను? ఈ ఒక్క పాఠముతో గ్రంథములను పోల్చవచ్చును. ఆయిలర్ ఇట్లు వాదించును: ఋణమనగా అప్పు. అప్పును మూడు రెట్లు చేసిన పెద్ద అప్పగును. కనుక ఋణమును ధనముచే గుణించిన ఋణము. ఇక ఋణమును ఋణముచే గుణించినచో వచ్చునది ధనమో ఋణమో కావలెను. ఋణము కాజాలదు, అది ధనముచే గుణించినపుడే వచ్చినది, కావున ధనము. వినుటకు సొంపుగా ఉన్నది. అయినను తెలివిగల పిల్లవాడు, ‘రెండు వేర్వేరు గుణకారములకు ఒకే జవాబు రాకూడదని ఎవరు చెప్పినారు?’ అని అడుగవచ్చును; అడుగవలెను కూడ. గెల్ఫాండ్, షెన్‌లు జరిమానా ఉపమానముతో చెప్పుదురు: అయిదేసి చొప్పున మూడు జరిమానాలు కట్టనక్కరలేకపోయినచో పదునైదు మిగిలినట్లే. ఇది నమ్మకము కలిగించును. నమ్మకము రుజువు కావలెనన్నచో విభాగ న్యాయమును ఆశ్రయింపవలెను. 5ను −5తో కూడిన సున్న. సున్నను −3చే గుణించిన సున్న. విడదీసి గుణించినచో ఒక భాగము −15. మొత్తము సున్న కావలెను గనుక రెండవ భాగము, అనగా −3, −5 ల లబ్ధము, +15 తప్ప వేరొకటి కాజాలదు. ఉపమానము, వాదము, రుజువు అను మూడింటి అంతరమును ఈ చిన్న పాఠములోనే పిల్లవానికి చూపవచ్చును. నియమమును మాత్రమే పెట్టెలో అచ్చువేసి లెక్కలిచ్చు పుస్తకము ఆ అవకాశమును పోగొట్టును.

ఆయిలర్ గ్రంథములో √−1, √−4 ల లబ్ధము 2 అని ఉన్నది; నేటి సంప్రదాయము ప్రకారము అది −2. మహాగణితజ్ఞుని మాటను కూడ పరీక్షింపవలెనని పై వయస్సు పిల్లలకు తెలుపుటకు ఇంతకన్న మంచి తావు లేదు. పాఠ్యగ్రంథముగా గాక, పెద్దవారితో కలసి చదువు పుస్తకముగా దీనిని వాడుకొనవచ్చును.

తుది నిర్ణయము

పై పరిశీలనవలన తేలునదేమనగా, ఈ పిల్లలకు ఒక్క పుస్తకము చాలదు. ఏడెనిమిదేండ్లవానికి పావులు, త్రాసు. తొమ్మిది, పదేండ్లకు జేకబ్స్ గ్రంథమును లెక్కలు ఏరుకొని చదివించుట. ఆ వెనుక సిద్ధత పరీక్షించి రస్జిక్ గ్రంథమును రెండు మూడేండ్లలో నిదానముగా. గణితము తెలిసిన పెద్దవారు ప్రక్కనున్నచో మొదటినుండియు గెల్ఫాండ్, షెన్‌ల పుస్తకము తోడుగా. సాక్సన్ లెక్కలను చేతివాటము తప్పుచున్నపుడు మాత్రము మందువలె కొంచెముగా వాడుట మంచిది. తల్లిదండ్రులకు గణితము బొత్తిగా రానిచో జేకబ్స్, రస్జిక్ లతో సరిపెట్టుకొనవచ్చును. సాధనల సంపుటము వారికి అండగా ఉండును.

మన ఉపాధ్యాయులకు ఇన్ని పుస్తకములు కొనిపెట్టు వసతి ఉండకపోవచ్చును. పెద్ద తరమువారి బీరువాలలో 1885లో వెలువడిన హాల్, నైట్‌ల ప్రారంభ బీజగణితము ఇప్పటికిని కొన్ని చోట్ల ఉండును. అందులోని లెక్కలు మంచివే, వివరణలు బిగువైనవి. కాని ఏ పుస్తకము చేతనున్నను ఉపాధ్యాయుడు చేయదగిన పని ఒకటి కలదు. తరగతిలో అందరికన్న ముందు లెక్క ముగించి దిక్కులు చూచుచున్న పిల్లవానికి అటువంటివే మరి పది లెక్కలిచ్చుటకు బదులు, ‘ఇది ఎల్లప్పుడు ఇట్లే జరుగునా? ఏల?’ అని ఒక కాగితముపై వ్రాసి ఇయ్యవలెను. జవాబు వారము తరువాత తెచ్చినను సంతోషముతో చూడవలెను. గెల్ఫాండ్ తపాలా పాఠశాల దూరప్రాంతపు పిల్లలకు చేసిన మేలు ఇంతకన్న వేరు కాదు. దానికి ఒక తపాలా బిళ్ళ, ఓపికగల పాఠకుడు చాలినారు. మన తరగతి గదిలోనైతే తపాలా బిళ్ళ ఖర్చు కూడ లేదు.